కరిగిన సీసం... కాసింత కందెన

1776 జులై 9 సాయంత్రం. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను న్యూయార్క్‌లో సైనికులకు చదివి వినిపించారు. విన్నవాళ్లు ఇళ్లకు పోలేదు. బౌలింగ్ గ్రీన్ అనే చిన్న తోటలో గుర్రమెక్కి కూర్చున్న మూడో జార్జి రాజు విగ్రహం మీదికి పోయి, తాళ్లు కట్టి కిందికి లాగేశారు. పైకి బంగారు పూత. పూత కింద ఉన్నది సీసం. తోట చుట్టూ ఉన్న ఇనప కంచె ఇప్పటికీ అక్కడే ఉంది. దాని స్తంభాల కొనలు కోసేసిన గుర్తులు కూడా ఉన్నాయి.

రాజు ముక్కలు ఎద్దుబండ్ల మీద కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు చేరాయి. అక్కడ ఆలివర్ వొల్కాట్ అనే పెద్దమనిషి ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు కలిసి వాటిని కరిగించి తుపాకీ గుండ్లు పోశారు. ఎవరు ఎన్ని పోశారో లెక్క రాసి పెట్టారు. రూత్ మార్విన్ 11,592. మేరీ ఆన్ 10,790. లారా 8,378. మిసెస్ మార్విన్ 6,058. వొల్కాట్ కొడుకు ఫ్రెడరిక్ 936. మిగిలినవాళ్లవీ, సైన్యానికి పంచినవీ కలిపి మొత్తం 42,088. ఆవకాయ పెట్టిన ఏడాది ఏ జాడీలో ఎంత వచ్చిందో రాసుకున్నంత మామూలుగా ఉంటుందా చిట్టా. ఫ్రెడరిక్‌కు అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. వాడి 936 దగ్గర నా కన్ను ఆగిపోయింది. మరిగే సీసం ముందు ఆ పిల్లాణ్ని ఎవరు కూర్చోబెట్టారు? ఎంతసేపు కూర్చున్నాడు? చిట్టా ఆ మాట చెప్పదు.

గుండు పోయడం ఒకప్పుడు ఇంటిపని. తుపాకీ, మందుగుండు, మూస, గరిటె ఒకే ఇంట్లో ఉండేవి. తుపాకీ కొన్నవాడికి దాని కొలతకు సరిపోయే మూసను దాంతోపాటే ఇచ్చేవారు. పకారులాంటి రెండు పిడులు, మధ్యలో ఒక గుంట. సీసం పోసి, చల్లారాక విప్పితే గుండు రాలుతుంది. పోసిన చోట మిగిలిన తోకను కత్తిరిస్తే పని అయిపోయినట్టే. ఇదంతా చిన్న ఎత్తున. పెద్ద ఎత్తున చూడాలంటే హైదరాబాద్‌లోనే ఉంది. ఆబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీకి పాత పేరు తోప్ కా సాంచా. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో కట్టించిన ఫిరంగుల కార్ఖానా అది. సాంచా అంటే మూస. బస్టాపు పేరుగా రోజూ పలుకుతున్న మాటలో ఒక మూస దాక్కుని ఉంది.

ఇక సీసమే ఎందుకంటే, అది పొయ్యికి లొంగుతుంది కనక. రాగి కరగాలంటే 1,085 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఇనుముకు 1,538. సీసానికి 327 చాలు, కట్టెల పొయ్యి సరిపోతుంది. బరువు చూస్తే ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. గోటితో గీకితే గీత పడేంత మెత్తన. కోస్తా పల్లెల్లో వలల అంచులకు కట్టే గుళ్లు చేసేవాళ్లకు ఈ సంగతులు ఒకరు చెప్పక్కర్లేదు.

1804లో మిసిసిపి అవతలి దారులు వెతుకుతూ బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం ఈ గుణాన్ని భలేగా వాడుకుంది. మందుగుండు తడవకుండా సీసపు డబ్బాల్లో పోసి మూతలు బిగించారు. మొత్తం 52 డబ్బాలు. ఒక్కో డబ్బాలో నాలుగు పౌన్ల మందు, ఖాళీ డబ్బా బరువు ఎనిమిది పౌన్లు. మందు అయిపోగానే డబ్బా కరుగుతుంది. అందులోంచి వచ్చే గుండ్లు, ఆ మందుతో కాల్చడానికి సరిగ్గా సరిపోతాయి. పాలు తాగేశాక గ్లాసునే పాలకోవా చేసుకుని తిన్నట్టు!

అంతకు ముందే, 1782లో, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం వాట్స్ అనే గొట్టాల పనివాడు మూస లేకుండానే గుండ్లు చేసే ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. ఎత్తు నుంచి కరిగిన సీసాన్ని జల్లెడలోంచి వదిలితే చుక్కలు పడుతూనే గుండ్రనై, కింద నీళ్ల తొట్టిలో గట్టిపడతాయి. వాన చినుకు చేసే పనే. దాని కోసం ప్రపంచమంతా బురుజులు లేచాయి. బాల్టిమోర్‌లో 1828 నాటి 234 అడుగుల ఇటుక బురుజు ఇప్పటికీ నిలబడి ఉంది. అయితే అవి పిట్టలవేటకు వాడే చిన్న రవ్వల కోసం. రైఫిలు గుండు మాత్రం మూసను విడవలేదు. ఎందుకంటే రైఫిలుకు గుండ్రంగా ఉంటే చాలదు.

మెత్తనిదానితో వచ్చిన తంటా

వొల్కాట్ ఇంట్లో పోసిన గుండ్లు నున్నటి గొట్టం ఉన్న మస్కెట్లకు. గొట్టం కంటే గుండు కాస్త చిన్నది. లోపల దొర్లుకుంటూ పోయి బయటపడ్డాక ఎటు పోతుందో దానికే తెలియదు. రైఫిలు గొట్టంలో మెలికలు తిరిగే గాడులుంటాయి. గుండు వాటిని పట్టుకుని పోతే బొంగరంలా తిరుగుతూ తిన్నగా వెళుతుంది. కానీ గాడిని పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే మూతి దగ్గర్నుంచి దాన్ని కిందికి దించడం గగనం. తుపాకీమందు కాలిన మసి గొట్టంలో గట్టిగా పేరుకుని, నాలుగైదు దెబ్బలకే దారి మూసేస్తుంది.

పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ తుపాకీ పనివాళ్లు దీనికి ఒక ఉపాయం వాడారు. గుండును కొంచెం చిన్నదిగా పోసి, కొవ్వు పూసిన గుడ్డపేలికలో చుట్టి దించడం. గాడిని పేలిక పట్టుకుంటుంది, గుండు పేలికను పట్టుకుంటుంది. కొవ్వు మసిని మెత్తబరుస్తుంది. తుపాకీ గుండుకు, కొవ్వుకు బంధుత్వం ఇక్కడ కలిసింది. మన బండి ఇరుసుకు రాసే కందెన లాంటిదే ఇది. బండికి కందెన లేకపోతే కీచుమంటుంది, రైఫిలుకు లేకపోతే గురి తప్పుతుంది.

కానీ యుద్ధంలో పేలికలు చుట్టుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది? దించేటప్పుడు వదులుగా, పేలేటప్పుడు బిగుతుగా ఉండే గుండు కావాలి. వినడానికి పొడుపుకథలా ఉంది కదా. దీన్ని విప్పినవాళ్లలో ముందువాడు జాన్ నార్టన్ అనే బ్రిటిష్ కెప్టెన్. ఆయన దక్షిణ భారతంలో కొలువు చేసేటప్పుడు ఇక్కడివాళ్లు ఊదుగొట్టంతో బాణాలు వదలడం చూశాడనీ, ఆ బాణం మొదట్లో ఉన్న తామర తూడు బెండు ఊపిరికి ఉబ్బి గొట్టాన్ని మూసేయడం గమనించి, అడుగున బోలుగా ఉండే గుండును ఊహించాడనీ చెబుతారు. ఏ ఊరిబాణమో, ఎవరి ఊపిరో చరిత్రకు ఎక్కలేదు. బ్రిటిష్ సైన్యం నార్టన్‌ను పట్టించుకోలేదు. 1849లో క్లోద్ ఎతియెన్ మినియే అనే ఫ్రెంచి అధికారి అదే దారిలో కోసుమొన గుండు చేస్తే దానికి ఆయన పేరే మిగిలింది. అడుగున గుంట ఉంటుంది. మందు పేలిన ఒత్తిడికి మెత్తటి సీసం విచ్చుకుని గాడుల్లోకి ఒదిగిపోతుంది. అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ కార్ఖానాలో జేమ్స్ బర్టన్ దాన్ని మరింత సులువు చేశాడు. అక్కడి అంతర్యుద్ధంలో రెండు పక్షాలవాళ్లూ ఎక్కువగా కాల్చింది ఈ గుండునే. దాని నడుముకు మూడు గాడులు. వాటి నిండా కొవ్వు, తేనెమైనం.

సీసానికి మెత్తదనమే గుణం, మెత్తదనమే దోషం. విచ్చుకోవాలంటే మెత్తగా ఉండాలి. మెత్తగా ఉంటే రాసుకుపోతూ గొట్టానికి అంటుకుంటుంది. ఆ రెంటి మధ్య రాజీ కుదిర్చేది వేలి కొనకు అంటేంత కందెన. తుపాకుల చరిత్ర రాసినవాళ్లు మందు గురించి, గొట్టం గురించి పుస్తకాలకు పుస్తకాలు నింపారు. కందెన గురించి వాళ్లు ఎక్కువగా మాట్లాడింది ఒక్కసారే. అది మన దేశంలో జరిగింది.

ఏ జంతువుదో ఎవరూ అడగలేదు

1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిలు తూటా ఒక కాగితపు గొట్టం. ఒక కొనలో మందు, రెండో కొనలో .577 అంగుళాల తుపాకీకి సరిపోయే సీసపు గుండు. గుండు ఉన్న కొనను కొవ్వు, మైనం కలిపి కరిగించినదాంట్లో ముంచుతారు. సిపాయి మందు ఉన్న కొనను పళ్లతో కొరికి, మందును తుపాకీ గొట్టంలో పోసి, తూటాను తిరగేసి, కొవ్వు రాసిన గుండు కొనను మూతిలో దూర్చి, మిగిలిన కాగితం చింపేయాలి. అంటే కొరికే కొన ఒకటి, కొవ్వు కొన మరొకటి. ఈ సంగతి చాలామందికి తెలియదు. కానీ మన ఎండల్లో, పెట్టెల్లో పక్కపక్కనే పేర్చిన తూటాల్లో కొవ్వు తన హద్దులో తాను ఉంటుందా? వేసవిలో బీరువాలో పెట్టిన వెన్నను అడిగితే చెబుతుంది.

హెచ్చరిక ముందే వచ్చింది. కొవ్వు మన వాతావరణానికి ఆగుతుందో లేదో చూడటానికి 1853లోనే నమూనా తూటాలను ఇంగ్లండు నుంచి పంపారు. ఆ కొవ్వు ఎవరి ఆచారానికీ అడ్డు రాదని తేలేదాకా దేశీయ పటాలాలకు వాటిని ఇవ్వొద్దని బెంగాల్ సైన్యం అడ్జుటెంట్ జనరల్ కర్నల్ టక్కర్ ఆ డిసెంబరులోనే రాశాడు. ఉత్తరం అందింది, ఫైలులోకి వెళ్లింది. ఆపైన కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో తూటాలు చేసేటప్పుడు, కొవ్వు తెచ్చే కాంట్రాక్టరు ఏ జంతువుది తేవాలో ఒప్పందంలో ఎవరూ రాయలేదు. ఆఫీసు భాషలో కొవ్వంటే కొవ్వే.

1857 జనవరిలో డమ్‌డమ్‌లోనే ఆ మాట బయటికి పొక్కింది. ఒక ఖలాసీ లోటాతో నీళ్లడిగితే బ్రాహ్మణ సిపాయి ఇవ్వనన్నాడనీ, నీ పళ్లతో ఆవు కొవ్వు, పంది కొవ్వు కొరకబోతున్నావు, ఇంకా నీ మడి ఎక్కడిదని వాడు ఎద్దేవా చేశాడనీ ఒక కెప్టెన్ పైవాళ్లకు తెలియజేశాడు. ప్రభుత్వం తొందరగానే కదిలింది. కొవ్వు లేని తూటాలిస్తాం, మీకు నచ్చిన నూనె, మైనం మీరే తెచ్చి రాసుకోండి అంది. కొరకక్కర్లేదు, చేత్తో చింపొచ్చని కవాతు పద్ధతి కూడా మార్చింది. అయితే ఆ సవరణే అనుమానాన్ని ముదరబెట్టింది. దాంట్లో ఏమీ లేకపోతే ఎందుకు మారుస్తున్నట్టు? బెంగాల్‌లోని బర్హంపూర్ పటాలం కాగితం మెరుపునే శంకించింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది రౌతుల్ని నిలబెట్టి తూటాలు అందుకోమంటే 85 మంది చేతులు చాపలేదు. ఆ రోజు వాళ్లకు ఇవ్వబోయినవి కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలు కూడా కావు, ఎప్పటినుంచో వాడుతున్న పాత రకమే. మే 9న వాళ్ల కాళ్లకు సంకెళ్లు వేశారు. మర్నాడు ఆదివారం సాయంత్రానికి మీరట్ మండింది.

ఒక్క కొవ్వు వల్లే అంత తిరుగుబాటు వచ్చిందంటే ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. భూములు, జీతాలు, అవధ్ కలిపేసుకోవడం, సముద్రం దాటమన్న షరతు, అన్నీ ఎండుగడ్డిలా పేరుకుని ఉన్నాయి. నా ఆసక్తి చిన్నది. ఒక యంత్రానికి కావలసిన కందెనలో ఏముందన్నది లండన్‌లో కూర్చున్న ఇంజనీరుకు వట్టి సాంకేతిక వివరం. దాన్ని చేత్తో పట్టుకునేవాడికి అది కులం, మతం, రేపు ఊళ్లో తనతో కూర్చుని తినేవాళ్లు ఉంటారా ఉండరా అన్న ప్రశ్న.

మనకు ఇందులో ఒక వింత చుట్టరికం ఉంది. ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌కు తీసుకెళ్లిన తొలి సిపాయిల్లో తెలుగునేల మనుషులు ఎక్కువ. అందుకే ఆ వైపు సిపాయిని తిలంగా అనే పిలిచేవారు. 1857లో ఢిల్లీలోకి దూసుకొచ్చినవాళ్లలో అవధ్, బీహార్ మనుషులే నిండుగా ఉన్నా, నగరవాసులు తిలంగాలొచ్చారనే చెప్పుకున్నారు. తెలుగు ఒక్క ముక్క రాని తిలంగాలు! అదే ఏడాది జులై 17న హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ జనంతో కలిసి బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్లారు.

ఆ తర్వాత బ్రిటిషువాళ్లు తమ తూటాల కందెనలో కొవ్వు తగ్గించి తేనెమైనం పెంచారు. మైనం ఎండకు తొందరగా కరగదు, సీసాన్ని అంతగా తినదు కూడా. మొదట్నుంచీ అదే మంచి కందెన. అది తెలియడానికి అంత జరగాల్సి వచ్చింది.

గరాజులో చిన్న కొలిమి

లోహపు గుల్లలతో తూటాలు వచ్చాక, పొగలేని మందు వచ్చాక ఇంట్లో గుండు పోసే పని నిలిచిపోవాలి. సైన్యాల్లో నిలిచిపోయింది. తూటా ఇక ఫ్యాక్టరీ నుంచి రావలసిందే తప్ప అడవిలో కూర్చుని చేసుకునేది కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు, తూటాలు ఎత్తుకెళ్లడంలో ఈ సంగతి కూడా ఉంది.

కానీ అమెరికాలో మాత్రం ఆ పని చావలేదు. సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. అమ్మితేనే అడుగుతుంది. దాంతో ఇదొక వేడుక అయింది. పెరట్లో టమాటా మొక్కలు పెంచేవాడు, గిటారు వాయించేవాడు ఎలాగో గుండ్లు పోసేవాడూ అలాగే. మూసలు అమ్మే లైమన్, ఆర్‌సీబీఎస్, లీ కంపెనీలు దశాబ్దాలుగా ఈ వేడుక మీద బతుకుతున్నాయి. గుండ్లు పోసేవాళ్లకు 1976 నుంచి సొంత సంఘం ఉంది, పోటీలున్నాయి. (ఇది చదివి మన పెరట్లోనూ పొయ్యి వెలిగిద్దామనుకునేవారికి ఒక మాట: మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, జైలుకు దారి.)

వాళ్ల గరాజులోకి వెళ్లేముందు చెత్తకుప్ప దగ్గర ఆగాలి. గుండు పోసేవాడి దృష్టి ఎప్పుడూ పాత సీసం మీదే. ఏళ్ల తరబడి వాళ్లకు అక్షయపాత్ర కారు టైర్ల దుకాణం. చక్రం సమంగా తిరగడానికి అంచుకు బిగించే సీసపు బిళ్లల్లో కాస్త ఆంటిమొనీ, రవ్వంత తగరం కలిసి ఉంటాయి. రైఫిలు గుండుకు అచ్చంగా కావలసిన పాకం. బకెట్లకు బకెట్లు ఊరికే వచ్చేవి. 2010 నుంచి కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు వాటిని నిషేధించడంతో ఇనుము, జింకు బిళ్లలు వచ్చాయి. జింకు దొంగచుట్టం. సీసం కంటే ఎక్కువ వేడికి, 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏమరుపాటున ఒక్కటి కలిసిపోతే కుండెడు పాలలో ఉప్పుకల్లు వేసినట్టే. ఆ సీసం ఇక మూసలో సరిగ్గా నిండదు. అందుకే పొయ్యి వెలిగించేముందు గంటలకొద్దీ కూర్చుని బిళ్లలు ఏరుతారు, బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

వాళ్లు ఇంకా మోజుపడేది పత్రికల అచ్చుసీసం మీద. వేడి లోహంతో పంక్తులు పోసే లైనోటైపు యంత్రాల సీసంలో సుమారు 4 శాతం తగరం, 12 శాతం ఆంటిమొనీ ఉంటుంది. మూల మూలకూ నిండి, చల్లారాక కుంచించుకోకుండా అక్షరం అంచు పదునుగా నిలబడటానికి ఆ పాళ్లు. అక్షరానికి ఏది కావాలో గుండుకూ అదే కావాలి. ప్రెస్సులు ఆఫ్‌సెట్‌కు మారినప్పుడు పాత అచ్చుసీసం టన్నులకొద్దీ తుక్కుకు పోయింది. అందులో కొంత గుండు పోసేవాళ్ల ఇళ్లకు చేరింది. కొత్తగా కొనేవాళ్లు ఇప్పటికీ దాన్ని బంగారంలా దాచుకుంటారు. మన దగ్గర కేసుల ముందు నిలబడి గుణింతాలు, ఒత్తులు ఏరి పేర్చిన కంపోజిటర్ల వేళ్లకు నల్లగా అంటుకున్నదీ ఆ కుటుంబపు లోహమే. వార్త అచ్చు వేసిన సీసం, వార్తకు కారణమయ్యే సీసం ఒకే కుండలో కరుగుతాయని తెలిసినప్పుడు, రోజూ పత్రికలో పనిచేసే నాకు కాసేపు మాట రాలేదు.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి. కరెంటు కుండలో సీసం వెండిలా మెరుస్తూ ఉంటుంది. పైన బూడిదరంగు మీగడ కడుతుంది. అందులో తగరం, ఆంటిమొనీ కూడా ఉంటాయి కనక తీసి పారేయకూడదు. కాస్త మైనం గానీ రంపపు పొట్టు గానీ వేసి కలిపితే పొగ, మంట లేచి, పనికొచ్చే లోహం కిందికి దిగి మట్టి మాత్రం పైన తేలుతుంది. ఆ తర్వాత మూస. ఇక్కడ వంటింటి అనుభవం అక్కరకొస్తుంది. చల్లటి పెనం మీద మొదటి అట్టు ఎలా వస్తుందో చల్లటి మూసలో మొదటి పది గుండ్లూ అలాగే వస్తాయి, ముడతలు ముడతలుగా. వాటిని తిరిగి కుండలో వేస్తారు. మూస వేడెక్కాక నున్నగా, మెరుస్తూ రాలతాయి. వేడి మరీ ఎక్కువైతే మంచు పట్టినట్టు తెల్లబడతాయి. పోసేవాడు థర్మామీటరు కంటే ఆ రంగునే ఎక్కువ నమ్ముతాడు.

అందరూ భయపడేది నిప్పుకు కాదు, నీటికి. ఒక్క చెమటచుక్క సీసం ఉపరితలం కిందికి చిక్కితే క్షణంలో ఆవిరై పేలి, కుండలో ఉన్నదంతా గాల్లోకి ఎగజిమ్ముతుంది. గోడలకు, కప్పుకు, మనిషికి వెండి తళుకులు అంటుకుంటాయి. దీనికి వాళ్లు ముద్దుపేరు పెట్టుకున్నారు: తళుకుల దేవత వచ్చి వెళ్లింది అంటారు. ముద్దుపేరే గానీ, కళ్లద్దాలు, తోలు తొడుగులు, పొడవు చేతుల చొక్కా లేకుండా ఆ దేవతను ఎదుర్కొన్నవాళ్ల చర్మం మీద మచ్చలు మిగులుతాయి.

గుండు వచ్చాక అసలు తర్కం మొదలవుతుంది. కొత్తవాళ్లంతా చేసే తప్పు ఒకటుంది. గొట్టంలో సీసం అంటుకుంటోందంటే గుండు మెత్తగా ఉందనుకుని ఇంకా గట్టి లోహం పోస్తారు. అప్పుడు ఇంకా ఎక్కువ అంటుకుంటుంది! ఎందుకంటే గట్టి గుండు ఒత్తిడికి విచ్చుకోదు. గొట్టానికి, దానికి మధ్య సన్నటి సందు మిగులుతుంది. మండే వాయువు ఆ సందులోంచి కోత మిషనులా దూసుకెళ్లి గుండు పక్కలను కరిగించి గొట్టానికి పూస్తుంది. గట్టిదనం కంటే కొలత ముఖ్యం. గొట్టం కంటే గుండు వెంట్రుకవాసి లావుగా ఉండాలి. మినియే గుండులో విచ్చుకునే మెత్తదనం చేసిన పనిని ఇక్కడ కొలత చేస్తుంది. అడుగున రాగిచిప్ప తొడిగే పద్ధతి కూడా ఆ వాయువును ఆపడానికే.

ఇక కందెన. ఇది వేదాంతం కంటే జటిలం. ప్రతి పెద్దాయనకూ ఒక చిట్కా ఉంటుంది, పక్కవాడి చిట్కా పనికిరాదన్న నమ్మకమూ ఉంటుంది. తేనెమైనం అందరికీ ఒప్పుదల. దాంట్లో కలిపేదాని దగ్గరే తగువు. గొర్రె కొవ్వు, ఆముదం, వాసెలిన్, లానొలిన్, పిల్లల రంగు క్రేయాన్లు కూడా వాడేవాళ్లున్నారు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పత్రికలో హారిసన్ అనే నిపుణుడు పరీక్షించి చెప్పిన సూత్రం ఇప్పటికీ నిలిచింది: సగం తేనెమైనం, సగం ఆలాక్స్ అనే తుప్పు నివారణ పెట్రోలియం పదార్థం. నాకు నచ్చిన సంగతి మరొకటి. పాతకాలపు నల్ల తుపాకీమందుతో రివాల్వర్లు కాల్చేవాళ్లు గుండు మీద క్రిస్కో పూస్తారు. క్రిస్కో అంటే ఏమిటి? 1911 నుంచి అక్కడ అమ్ముతున్న గడ్డకట్టిన నూనె. మన డాల్డాకు అన్న. 1857లో ఎవరైనా డబ్బాడు డాల్డా తెచ్చి ఉంటే!

కందెన సరిపోయిందో లేదో తెలిసేది తుపాకీ మూతి దగ్గర. పది దెబ్బల తర్వాత మూతి అంచున నూనె నక్షత్రంలా చిమ్మిన మరక కనిపిస్తే చివరిదాకా కందెన చేరినట్టు. లేకపోతే దారిలోనే అయిపోయినట్టు. రైఫిలు గుండు సెకనుకు 600 మీటర్ల వేగంతో, పది అంగుళాలకు ఒక చుట్టు చొప్పున తిరిగితే సెకనుకు దాదాపు 2,360 బొంగరపు చుట్లు అవుతాయి. ఆ సుడిలో మైనం ఒక పక్క ఎక్కువ, మరో పక్క తక్కువ అతుక్కుని ఉంటే గురి చెదురుతుంది. పోటీకి వచ్చేవాళ్లు ఇంత చిన్న సంగతికి ఏళ్లకేళ్లు ధారపోస్తారు. ఈ మధ్య కొందరు మైనం మానేసి, తలుపులకు వేసే పొడి రంగును గుండ్లకు పూసి పొయ్యిలో కాలుస్తున్నారు. ఎర్రవీ నీలంవీ మిఠాయిల్లా ఉంటాయి. పాతవాళ్లకు అవి చూస్తే ఒళ్లుమంట.

మెత్తని సీసం తక్కువదనుకోకండి. 1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐరిష్, అమెరికా జట్లు వెయ్యి గజాల దాకా పోటీ పడ్డాయి. ఆఖరి దెబ్బ అమెరికా పక్షాన కర్నల్ బోడీన్‌ది. అంతకు కాసేపటి ముందే జింజర్ బీరు సీసా పగిలి చేయి కోసుకుంది. రక్తం కారుతున్న చేత్తోనే కాల్చి కొట్టాడు. 934కు 931. మూడు పాయింట్లతో గెలుపు. మధ్యలో ఒక ఐరిష్ వీరుడు చక్కగా నడిమి చుక్కనే కొట్టాడు, పక్కవాడి గురిపలకది.

మళ్లీ డమ్‌డమ్

ఒత్తిడి పెరిగి, వేగం పెరిగాక ఉత్త సీసం ఆగలేదు. 1880లలో స్విట్జర్లాండ్‌కు చెందిన రూబిన్ సీసానికి రాగి తొడుగు వేశాడు. సైన్యాలన్నీ తొడుగు గుండుకు మారాయి, కందెన తలనొప్పి వదిలింది. అయితే తొడుగు గుండు మరీ బిరుసు. మనిషిలోంచి సూదిలా దూరి వెళ్లిపోతోందని సరిహద్దు యుద్ధాల్లో బ్రిటిష్ అధికారులు సణిగారు. 1890లలో అదే డమ్‌డమ్ కార్ఖానాలో కెప్టెన్ బెర్టీ క్లే తొడుగు కొసను కోసి లోపలి సీసాన్ని బయటపెట్టాడు. మెత్తటి కొస శరీరంలో పువ్వులా విచ్చుకుని భయంకరమైన గాయం చేస్తుంది. ఆ ఊరి పేరే ఆ గుండుకు తగిలింది. 1899లో హేగ్‌లో చేసిన ప్రకటన, దేహంలో సులువుగా విచ్చుకునే గుండ్లను యుద్ధాల్లో వాడొద్దంది. గాడిలో విచ్చుకుంటే ప్రతిభ, ఒంట్లో విచ్చుకుంటే నేరం. రెండూ సీసం మెత్తదనమే.

సీసం తుపాకీలోంచి వెళ్లాక కూడా పని ఆపదు. ఒంట్లో చేరితే కాల్షియం వేషం వేసుకుని ఎముకల్లో కాపురం పెడుతుంది. పిల్లల మెదడుకు దాని వల్ల నష్టం ఎక్కువ. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి పడిపోయినప్పుడు రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయని ఎయిమ్స్ చెప్పాక మనకందరికీ సీసం అంటే కొత్తగా భయం పట్టుకుంది. (తర్వాతి పరిశీలనల్లో వేళ్లు పురుగుమందుల వైపు కూడా తిరిగాయి.) గుండు పోసేవాళ్లు కుండ కంటే ధూళికే ఎక్కువ జాగ్రత్త పడాలి. కుండలో సీసం ఆవిరి కావడానికి చాలా వేడి కావాలి. చేతికి అంటిన బూడిద మాత్రం సులువుగా అన్నంలోకి వస్తుంది. తిండి, సిగరెట్టు ఆ బల్ల దగ్గరికి రాకూడదు.

కాలిఫోర్నియా కాండర్ అనే రాబందుకు ఈ సంగతి ఎవరు చెబుతారు? 1982లో ప్రపంచం మొత్తంలో 22 కాండర్లు మిగిలాయి. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం తునకలు తిని విషం ఎక్కడం వాటికి పెద్ద శత్రువు. మన రాబందులను పశువుల మందు డైక్లోఫెనాక్ తుడిచిపెట్టినట్టే ఇదీ. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండును పూర్తిగా ఆపేసింది. ఉత్త రాగితో చేసే గుండ్లు వచ్చాయి. ఇంటి పొయ్యి మీద రాగి కరగదు కనక గరాజువాళ్లకు అది గిట్టదు. వాళ్లలో చాలామంది ఇప్పుడు పలక మీదికి మాత్రమే కాలుస్తారు.

పలక వెనక మట్టిగట్టు ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో వాళ్లు పారలు, జల్లెళ్లు పట్టుకుని దాని దగ్గరికి పోతారు. మట్టి జల్లిస్తే నలిగి, పుట్టగొడుగుల్లా విచ్చుకున్న గుండ్లు పైన మిగులుతాయి. కొన్నింటి మీద గాడుల గీతలు ఇంకా కనబడుతుంటాయి, కొన్నింటి సందుల్లో పాత మైనం. అన్నీ కలిపి కుండలోకి. వేడి ఎక్కుతుంటే ముందు ఆ మైనమే కరిగి, పొగై, ఒక్కసారి మంట అందుకుంటుంది. దాంతోనే మట్టి పైకి తేలుతుంది. గరిటెతో దాన్ని తీసి పక్కన పడేసి, మూసను కుండ అంచున వేడికి ఆనించి పెడతారు.